జహూర్ రాయించిన పుట్టినరోజు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో జహూర్‌ది సంచుల రిపేరు దుకాణం. దుకాణమంటే ఒక మెట్ల కింది జాగా, మందపాటి గుడ్డ కుట్టే పాత మిషను, స్టూలు, అంతే. పొద్దున ఏడు కాకముందే ఆ సందు కోచింగు పిల్లలతో నిండిపోతుంది. జావా, ఒరాకిల్, టెస్టింగు అంటూ గోడల మీద ఒకదానిపై ఒకటి అంటించిన కాగితాలు. ఆ కోర్సుల సంగతి జహూర్‌కి తెలియదు. ఏ కోర్సు చదివేవాళ్ళయినా సంచిలో పట్టేదానికంటే ఎక్కువ కుక్కుతారని, మూడు నెలలకల్లా జిప్పు పళ్ళూడి తన దగ్గరికి వస్తుందని మాత్రం తెలుసు. ఈ మధ్య ల్యాప్‌టాప్ సంచులు వస్తున్నాయి. వాటి పట్టీ తెగినవాళ్ళకి రేపు అనే మాట పనికిరాదు.

మందపాటి గుడ్డ కుడతాడని ఎవరో చెబితే, 2002లో హనుమత్ప్రసాద్ గారు ఒక తెరచాపని చాపలా చుట్టి చంకన పెట్టుకుని ఆ సందులోకి వచ్చారు. నౌకాదళంలో పనిచేసి రిటైరైన కాకినాడ మనిషి. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒక క్లబ్బులో పిల్లలకి పడవ పందేలు నేర్పుతారు. జహూర్ ఆ చిరుగుకి రెండు వరసల కుట్టు వేసి, పైన ఇంకో గుడ్డముక్క కూడా పెట్టి ఇచ్చాడు.

"ఏంటండీ ఇది, బియ్యం బస్తా కుట్టినట్టు కుట్టారు? తెరచాప గాలికి బొజ్జలా ఉబ్బాలండీ. మీరు ఉబ్బకుండా కట్టేశారు."

"మజ్బూత్ కుట్టమన్నరు గద సార్. ఉబ్బాలని మీరు చెప్పలే."

రెండోసారి కుట్టాక అది నీళ్ళ మీద ఎలా ఉబ్బుతుందో చూడాలనిపించి, ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని సాగర్‌కి పోయాడు. అర్షియాకి అప్పుడు పదకొండేళ్ళు. కొత్తగా కుట్టిన తెరచాపని పరీక్షించడానికి తేలికైన పిల్ల కావాలని హనుమత్ప్రసాద్ గారు ఆమెకి లైఫ్ జాకెట్ తొడిగి పడవలో కూర్చోబెట్టారు. ఆప్టిమిస్ట్ అంటారు ఆ పడవని. స్నానాల తొట్టికి తెరచాప కట్టినట్టుంటుంది. ఒక్కరే కూర్చుని, ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో తెరచాప తాడు పట్టుకుని నడపాలి. అర్షియా ఆ రోజు అరగంట తిరిగి వచ్చి, ఒడ్డుకి దిగకుండా ఇంకోసారి పోతానంది. జహూర్ పనికని వెళ్ళిన చోట కూతురికి పని దొరికింది.

నాలుగేళ్ళలో ఆ పిల్ల క్లబ్బులో అందరికంటే ముందుకి వచ్చింది. 2006 వచ్చేసరికి ఇంటర్ మొదటి సంవత్సరం. మనిషి మాత్రం ఎనిమిదో తరగతి పిల్లలా ఉండేది, నలభై ఒక్క కిలోలు. ఆప్టిమిస్ట్‌కి అదే సరైన బరువు. ఆ సంవత్సరం హనుమత్ప్రసాద్ గారు జనవరి నుంచే పట్టుబట్టి సాధన చేయించారు. జూలైలో రాష్ట్రం జట్టుని ఎంపిక చేసే పందేలు. వాటిలో ముందున్న ఇద్దరు ఆడపిల్లలు చెన్నైలో జాతీయ పోటీలకి పోతారు. అవి చెరువులో కాదు, సముద్రంలో. అర్షియా సముద్రం చూడలేదు. ఉప్పునీళ్ళు కళ్ళలో పడితే ఎంతసేపు మండుతుందని కోచ్‌ని రెండుసార్లు అడిగింది.

జహూర్ ఆదివారాలు దుకాణం మూసి ఒడ్డున కూర్చునేవాడు. ఫిబ్రవరిలో గాలి మెల్లగా వీస్తుంటే పిల్లలు అటూ ఇటూ కదిలి పడవని ఊపేవాళ్ళు. అర్షియా కదలకుండా కూర్చునేది. పడవ ఊగితే తెరచాపలో ఉన్న కాస్త గాలీ జారిపోతుందని తండ్రికి చెప్పింది. ఆమెకి చేతకానిది పందెం మొదలుపెట్టడం. పదిహేను పడవలు గీత దగ్గర గుంపుగా తోసుకుంటుంటే, తప్పుకుని వెనక్కి వచ్చేసేది. ఎందుకని తండ్రి అడిగాడు.

"గాడ అందరూ అరుస్తరు అబ్బా."

"నువ్వు సుత అరువు."

"నాకు అరవబుద్ధి కాదు."

ఏప్రిల్, మే నెలల్లో గాలి చచ్చి, సాగర్ కంపు కొడుతుంటే హనుమత్ప్రసాద్ గారు ఆమెతో పందెం మొదలుపెట్టడం ఒక్కటే చేయించారు. ఈల ఊదడం, గీత దాటించడం, మళ్ళీ వెనక్కి రప్పించడం. రోజుకి ముప్పైసార్లు. తోడుగా రవళి అనే పిల్ల ఉండేది. పంజాగుట్టలో ఉంటారు వాళ్ళు. తండ్రి కృష్ణమోహన్ గారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. క్లబ్బులో అర్షియా తరవాత రవళే. ఇద్దరూ గీత దగ్గర ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుని, ఒడ్డుకొచ్చి ఒకే సీసాలో నీళ్ళు తాగేవాళ్ళు. జూన్‌లో పడమటి గాలి మొదలయ్యేసరికి అర్షియా గుంపులో మొదటి వరసలో ఉంటోంది. వారం పందేల్లో ఏడింటికి ఆరు గెలిచింది.

జూలై మొదటి వారంలో ఎంపిక ఫారాలు వచ్చాయి. పుట్టినరోజు తెలిపే కాగితం ఏదైనా ఒకటి తెమ్మన్నారు. జహూర్ ఆలోచించలేదు. ఇంట్లో ఉన్న కాగితాల్లో బీరువా పై అరలో పెట్టుకునేది ఒక్కటే, అర్షియా పదో తరగతి మెమో. ఫస్ట్ క్లాసు. లామినేషన్ కూడా చేయించాడు. దాన్ని గుడ్డలో చుట్టి తీసుకుపోయి, మార్కులు కనబడేలా హనుమత్ప్రసాద్ గారి ముందు పెట్టాడు.

ఆయన మార్కులు చూడలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"జహూర్ గారూ, అమ్మాయి ఎప్పుడు పుట్టిందండీ?"

"జనవరిల సార్. తొంభై ఒకటి. బగ్దాద్ మీద బాంబులు పడ్డయి చూడు, గా రోజే. మా తమ్ముడు అప్పుడు రియాద్‌ల ఉండె. వాని ఫికర్‌తోటి నేను రేడియో వింటున్న, లోపల పిల్ల ఏడ్చింది."

"మరి ఇందులో తొంభై, జూన్ పది అని ఉందేంటి?"

జహూర్ నవ్వాడు. "అది బడి తారీఖు సార్."

అది ఎలా వచ్చిందో కూడా తనే చెప్పాడు. తొంభై ఐదు జూన్‌లో కొడుకు జుబేర్ రెండో తరగతికి వచ్చాడు. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు కదా అని ఇంటి దగ్గరి బడికి అర్షియాని కూడా తీసుకుపోయాడు. పిల్లకి ఎన్నేళ్ళని హెడ్మాస్టరు అడిగాడు. నాలుగు దాటాయన్నాడు. ఐదు నిండాలన్నాడు హెడ్మాస్టరు. "ఐదు నిండాలంటే ఎప్పుడు పుట్టాలె సార్?" అని జహూర్ అడిగాడు. హెడ్మాస్టరు వేళ్ళ మీద లెక్కపెట్టి జూన్ పది అని రాసుకున్నాడు. రిజిస్టరులో ఆ పేజీ మీద జూన్ పదిన పుట్టినవాళ్ళు అప్పటికే పదకొండు మంది ఉన్నారు. జహూర్ సంతకం పెట్టి, పిల్లని క్లాసులో కూర్చోబెట్టి, దుకాణానికి పోయాడు. అందులో అబద్ధం ఉందని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించలేదు. బడికి ఒక తేదీ కావాలి, ఇచ్చాడు.

హనుమత్ప్రసాద్ గారు మెమోని బల్ల మీద బోర్లా పెట్టారు.

"ఈ పడవకి వయసు నిబంధన ఉందండీ. ఏ సంవత్సరంలో పదహారేళ్ళు నిండుతాయో ఆ సంవత్సరం మొత్తం పోటీలకి పనికిరారు. మెమో ప్రకారం మీ అమ్మాయికి పోయిన నెలలో పదహారు నిండాయి."

"నిండలే సార్. జనవరిల పదిహేను నిండినయి. నడుమ ఏడు నెలలే గదా."

"ఏడు నెలలే. ఆ ఏడు నెలల మధ్యలో డిసెంబరు ఉంది, సంవత్సరం మారిపోయింది."

జహూర్‌కి అప్పుడు అర్థమైంది. మెమోని చేతిలోకి తీసుకుని గుడ్డలో చుట్టబోయాడు.

"నేను ఇది తేలే అనుకోండి సార్. మీరు చూడలే."

"తేలేదనే అనుకుందాం. రేపు పోటీలవాళ్ళు కాగితం అడుగుతారు, అప్పుడేం తెస్తారు? పన్నెండు రోజులు టైముంది. ఆసుపత్రి కాగితం గానీ మునిసిపాలిటీ కాగితం గానీ తెండి. దాన్ని పట్టుకుని నేను పోట్లాడతాను."

అర్షియా ఆసుపత్రిలో పుట్టలేదు. బల్కంపేటలో అద్దెగదిలో, రాజమ్మ అనే మంత్రసాని చేతుల్లో పుట్టింది. ఆ పుట్టుకని ఎక్కడా రాయించలేదు. రాయించాలని ఎవరూ చెప్పలేదు.

రాజమ్మ ఎర్రగడ్డ రైతుబజారులో పుంటికూర అమ్ముతోందని తెలిసి మరునాడే పోయాడు. ముసలిది కూరకట్టల మీద నీళ్ళు చల్లుతోంది.

"రాజమ్మా, గుర్తుపట్టినవా? బల్కంపేట జహూర్‌ని."

"ఎందుకు పట్టను. అప్పుడూ బక్కోనివే, ఇప్పుడూ బక్కోనివే."

"మా అర్షియా పుట్టినప్పుడు నువ్వే వచ్చినవ్. యాదికున్నదా?"

"నేను పట్టిన పోరగాండ్లు ఈ బజారంత ఉంటరు. ఏ అర్షియా?"

"బాంబులు పడ్డ రోజు. బగ్దాద్ మీద."

"బాంబులు నాకెర్క లేదు. నీ పెండ్లాం నొప్పులు పడుతుంటె నువ్వు రేడియో చెవికి పెట్టుకుని కూసున్నవ్, గది ఎర్కే. బందు పెట్టమంటె పెట్టలే. మస్తు తిట్టిన నిన్ను."

జహూర్ ప్రాణం లేచి వచ్చింది. "గదే. గా మాటే కాగితం మీద చెప్తవా?"

"చెప్తా. వేలిముద్ర సుత ఏస్త. ఏ ఏడాది అని మాత్రం అడగకు. మా చిన్నోని పెండ్లికి ముందు. ఆ పెండ్లి ఎప్పుడైందని సుత అడగకు." ఒక కట్ట పుంటికూర తీసి సంచిలో పడేసింది. "పైసలొద్దు, తీస్కపో. పిల్ల మంచిగుందా?"

ఆమె మాట చాలదని మునిసిపల్ ఆఫీసులో ఓదెలు అనే గుమాస్తా చెప్పాడు. కసరలేదు, తిప్పించుకోలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. తొంభై ఒకటి జనవరి, ఫిబ్రవరి పుస్తకాలు తీయించి, పేజీ పేజీ వేలితో చూపించాడు. అర్షియా అనే పేరు లేదు, జహూర్ అనే తండ్రి లేడు.

"రికార్డు లేదని సర్టిఫికెట్ ఇస్త అన్నా, రేపే ఇస్త. అది పట్టుకుని నువ్వు ఆర్డీవో దగ్గరికి పోవాలె. ఆయన ఎంక్వైరీ చేయించి ఆర్డరిస్తడు. అప్పుడు మేం రాస్తం."

"ఎన్ని రోజులైతది?"

"రోజులల్ల అడగకు. నెలలల్ల అడుగు. ఇగ మెమో మీద సుత మారాలంటె కోర్టుకు పోవాలె."

"నాది అబద్ధం అనుకుంటున్నవా భాయ్?"

"నిజమే అనుకుంటున్న. నేను సుత జూన్లనే పుట్టిన, మా సారు రాసిండు. అసలు తారీఖు మా అమ్మకు ఎర్కుండె, ఆమె పోయింది. నేను జూన్లనే రిటైరైత." ఓదెలు పుస్తకాలు మూశాడు. "నీ పిల్లది ఏడు నెలలే. నాది ఏడాదిన్నర పోయింది."

ఆ తరవాతి సోమవారం కృష్ణమోహన్ గారు దుకాణానికి వచ్చారు. సందులో కారు పట్టక, ఎక్కడో ఆపి నడిచొచ్చారు. తనకు తెలిసిన ఒక అధికారితో మాట్లాడానని, ఆయన కూడా ఓదెలు చెప్పిందే చెప్పాడని అన్నారు. చెప్పడం అయిపోయాక కూడా నిలబడే ఉన్నారు.

"మా రవళి నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదండీ. అర్షియా లేకపోతే నేనూ వెళ్ళనంటోంది."

జహూర్ చేతిలో జిప్పు అలాగే ఉంది.

"దాచడమెందుకు, వెళ్ళి తీరాలని దానికి చెప్పాను. మీరు ఇంకోలా అనుకోకండి."

"పోవాలె సార్. మీ పిల్ల తప్పేమున్నది."

"మీ తప్పూ లేదులెండి."

జహూర్ తల వంచుకుని జిప్పు ఎక్కించసాగాడు. ఆ మాట అతనికి సాయం చేయలేదు. తేదీ చెప్పింది తానే, ఆ తేదీ ఉన్న కాగితాన్ని లామినేషన్ చేయించి తీసుకుపోయి ఇచ్చిందీ తానే. మధ్యలో ఇంకెవరి చెయ్యీ లేదు.

ఆ సాయంత్రం ఇక దారి లేదని ఇంట్లో చెప్పాడు. భార్య బతూల్ రొట్టె పెనం మీదే వదిలేసింది. "మై బోలీ థీ నా, ఎక్ సాల్ రుకో బోల్కే," అంది. ఒక్క ఏడాది ఆగమని తాను అప్పుడే చెప్పిందట. చెప్పలేదన్నాడు జహూర్. చెప్పానంది. పదకొండేళ్ళ కిందటి మాట కోసం ఇద్దరూ గొంతు పెంచుకున్నారు. జుబేర్ లేచి బయటికి పోయాడు. అర్షియా తింటూ తింటూ నోటుబుక్కు వెనక ఏదో రాసింది.

"అబ్బా, జూన్ కాకుండ వేరే నెల చెప్తే ఎట్లుండె అని చూసిన."

"ఎట్లుండె?"

"ఏ నెల చెప్పినా అంతే. ఐదేండ్లు నిండాలంటె తొంభైలనే పుట్టాలె." పుస్తకం మూసింది. "ఆ ఏడాది బడికి పోకుంటెనే నడుస్తుండె."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని జహూర్ అనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె లెక్కలో తండ్రికి వేరే దారి లేదని తేలింది. అంతకంటే తిట్టు ఏముంటుంది.

గడువు ముందురోజు హనుమత్ప్రసాద్ గారు నిర్వాహకులకి స్వయంగా ఫోన్ చేశారు. రాజమ్మ వేలిముద్ర, రికార్డు లేదన్న సర్టిఫికెట్, యుద్ధం మొదలైన తేదీ, అన్నీ చెప్పారు. అవతలివాళ్ళు మర్యాదగానే విన్నారట. మెమో ఉందా అని అడిగారట. ఆయన ఉందన్నారు. ఉందన్నాక ఇక మాట లేదు.

"యుద్ధానికి తేదీ రుజువుందండీ, మన పిల్లకే లేదు," అన్నారు జహూర్‌తో. "ఒక్క పని చేయగలను. పందేల్లో దిగనిస్తాను. లెక్కలోకి రాదు. మిగతా పిల్లలకి పక్కన గట్టి పడవ ఉంటే మంచిది. అమ్మాయి ఒప్పుకుంటేనే."

అర్షియా ఒప్పుకుంది.

ఎంపిక పందేల మొదటి రోజు మబ్బు పట్టి, నెక్లెస్ రోడ్డు వైపు నుంచి గాలి గట్టిగా వీస్తోంది. ముగింపు గీత దగ్గర లంగరేసిన పడవలో అధికారులు కూర్చున్నారు. మొదట గీత దాటిన పడవకి హారన్ కొడతారు, అది ఒడ్డుదాకా వినిపిస్తుంది. జహూర్ రేవు చివర నిలబడ్డాడు. మొదటి పందెంలో అర్షియా గుంపు మధ్యలోంచి దూసుకొచ్చి ముందుకి పోయింది. అరిచిందేమో తెలియదు, అంత దూరానికి వినబడదు. చివరి మలుపు దగ్గర రెండో పడవకి ఆమెకి మధ్య ఇరవై గజాలుంది. గీత దాటింది. హారన్ మోగలేదు. తెలిసిన సంగతే అయినా జహూర్ చెవి అటే పెట్టుకుని నిలబడ్డాడు. కొంతసేపటికి రవళి గీత దాటింది, అప్పుడు మోగింది.

ఆ రెండు రోజుల్లో ఆరు పందేలు. నాలుగింటిలో అర్షియానే ముందు. బోర్డు మీద రవళి పేరు మొదట ఉంది, రెండో పేరు ఇంకో పిల్లది. రవళి బోర్డు వైపు చూడకుండా తెరచాప మడుస్తుంటే, అర్షియా పోయి రెండో చివర పట్టుకుంది.

"ఐదో పందెంల గీత దగ్గర నాకెందుకు జాగా ఇచ్చినవ్?"

"నేనివ్వలేదు. నువ్వే దూరావ్."

"ఇచ్చినవ్. చెన్నైల గట్ల ఇయ్యకు. ఆడ జాగా ఇస్తె నిన్ను దాటి పోతరు."

ఆ తరవాతి ఆదివారం హనుమత్ప్రసాద్ గారు షెడ్డులోంచి పెద్ద పడవ తీయించారు. ఆప్టిమిస్ట్ వయసు దాటినవాళ్ళు నడిపేది. రెండింతల పొడవు, రెండింతల తెరచాప.

"దీనికి ఎంత బరువుండాలె సార్?" అని అర్షియా అడిగింది.

"అరవై దాకా ఉంటే బాగుంటుంది. యాభై ఐదున్నా నడుస్తుంది."

"నేను నలభై ఒకటి."

"తెలుసమ్మా. తింటే పెరుగుతావు. ఇవాళ ఊరికే అలవాటు చేసుకో."

మెమోలో ఉన్న పిల్లకి అది సరైన పడవ. అందులో కూర్చున్న పిల్లకి కాదు. రేవు నుంచి వంద గజాలు పోయేసరికి పడమటి గాలి ఒక్కసారి ఊపందుకుంది. అర్షియా ఒళ్ళంతా పడవ బయటికి వాల్చింది. వాల్చడానికి ఆమె దగ్గర ఉన్న బరువంతా అంతే. పడవ మెల్లగా పక్కకి ఒరిగి, తెరచాప నీళ్ళ మీద పడి, బోర్లా తిరిగింది.

ఆమె పైకి తేలింది. ఆరెంజి రంగు జాకెట్ కనిపించింది. పడవ కింది పలకని పట్టుకుని దానిపైకి ఎక్కి నిలబడి, పడవని తిప్పడానికి అంచు పట్టుకుని వెనక్కి వాలింది. ఆప్టిమిస్ట్ అయితే ఆపాటికి లేచి నిలబడేది. ఇది కదల్లేదు. తెరచాప కట్టిన కొయ్య కొన చెరువు అడుగున బురదలో దిగబడిందని, గుర్రపుడెక్క చుట్టుకుందని హనుమత్ప్రసాద్ గారు పక్కనుంచి అన్నారు. లాంచి తియ్యమని అవతలి మనిషిని కేకేశారు. ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. తాడు మళ్ళీ లాగుతున్నారు.

జహూర్‌కి ఈత రాదు. రేవు కమ్మీని రెండు చేతులా పట్టుకుని నీళ్ళ వైపే చూస్తున్నాడు. అర్షియా ఇంకా వెనక్కి వాలింది, జుట్టు నీళ్ళకి తగిలేదాకా.

"జహూర్ గారూ, జాగ్రత్త, కమ్మీ తుప్పు పట్టింది," అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

అప్పుడు గాని జహూర్‌కి తెలియలేదు, తనూ మడమల మీద నిలబడి, చేతులు చాపి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి ఉన్నాడని.